మేనరికపు చర్చి పెళ్లి: కోర్టు విడాకులు, ట్రైబ్యునల్ కేసు రెండూ ఎలా నడపాలి?

పర్లాకిమిడి_తమ్ముడు:

పెద్దలకు నమస్కారం. మా అక్క విషయంలో దారి తెలియక అడుగుతున్నాను. పెళ్లి 2018లో, శ్రీకాకుళం జిల్లాలో మా అమ్మ పుట్టింటివాళ్ల గుడిలో (చర్చిలో), ఫాదర్ గారి చేతుల మీదుగా జరిగింది. అబ్బాయి మా సొంత మేనమామ కొడుకు. ఇద్దరూ కథోలికులే. కాపురం ఒడిశాలోని రాయగడలో పెట్టారు. 2022 నుంచి అక్క పాపను తీసుకుని పర్లాకిమిడిలో (ఇదీ ఒడిశానే) మా దగ్గరే ఉంటోంది. ఇక కలుస్తారన్న ఆశ రెండు వైపులా లేదు. బావ విడాకులకు ఒకరోజు సరే అంటాడు, మరో రోజు మావయ్య మాట విని ససేమిరా అంటాడు.

మా సంఘంలో ఒక పెద్దాయన, పెళ్లి చెల్లదని బిషప్ గారి కాగితం వస్తే చాలు, కోర్టు మెట్లు ఎందుకు ఎక్కడం అంటున్నారు. ఇంకొకరు కోర్టు తీర్పు చేతికి వచ్చాకే గుడి మాట ఎత్తాలంటున్నారు. కోర్టు కేసు పర్లాకిమిడిలో వేయవచ్చా? చర్చి ట్రైబ్యునల్ (బిషప్ గారి న్యాయస్థానం) బరంపురమా, శ్రీకాకుళమా? పెళ్లి చెల్లదని చర్చి అంటే పాప సంగతేంటి? అక్క ఇక్కడికి వచ్చినప్పటి నుంచి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోవడం కూడా మానేసింది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం_వకీలు:

తమ్ముడూ, ఆ పెద్దాయన మాట ముందు పక్కన పెట్టండి. దాన్ని నమ్ముకుంటే మీ అక్క జైలు గుమ్మం దాకా వెళ్లే ప్రమాదం ఉంది. చర్చి ట్రైబ్యునల్ తీర్పుతో చట్టం దృష్టిలో పెళ్లి తెగదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ట్రైబ్యునల్ తీర్పులకు చట్టబద్ధత ఇవ్వాలని క్లారెన్స్ పాయిస్ వేసిన వ్యాజ్యాన్ని 2017లో కొట్టేసింది కూడా. కోర్టు డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం, 7 ఏళ్ల వరకు శిక్ష.

ఇక ఎక్కడ వేయాలి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హిందూ వివాహ చట్టంలో భార్య తాను ప్రస్తుతం ఉంటున్న ఊళ్లోనే కేసు వేసుకునే వీలు 2003 సవరణతో వచ్చింది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో ఆ వెసులుబాటు లేదు. పెళ్లి జరిగిన చోటు, భార్యాభర్తలు నివాసం ఉంటున్న చోటు, లేదా ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోటు, ఈ మూడే. మీ అక్కకు పెళ్లిని బట్టి శ్రీకాకుళం, చివరి కాపురాన్ని బట్టి రాయగడ. పుట్టిల్లు కాబట్టి పర్లాకిమిడి అంటే, అవతలి వకీలు మొదటి వాయిదాలోనే అధికార పరిధి లేదని అభ్యంతరం పెడతాడు, నెలలు వృథా. ఆ జిల్లాలో ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులో, లేకపోతే జిల్లా జడ్జి కోర్టులో దాఖలు చేయాలి.

అయితే భరణం సంగతి వేరు. పాపకూ మీ అక్కకూ నెలనెలా ఖర్చులు కావాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 కింద (పాత సీఆర్‌పీసీ 125) ఆమె ఉంటున్న పర్లాకిమిడిలోనే వేయవచ్చు. గృహహింస చట్టం కింద దరఖాస్తూ అంతే. విడాకుల కేసు నడుస్తుండగా మధ్యంతర భరణం అడిగేది మాత్రం విడాకుల చట్టం 36 కింద, ఆ కోర్టులోనే. అవతలివాళ్లకు నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది, ఆ మాట పిటిషన్‌లో రాయించండి.

బావ ఒప్పుకుంటే 10-ఎ సెక్షన్ కింద ఇద్దరూ కలిసి వేసేది అన్నిటికంటే సుళువు. చట్టంలో రాసి ఉన్నది రెండేళ్లు విడిగా ఉండాలని. కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదికి తగ్గించింది, 2022లో ఆ ఏడాది గడువునూ కొట్టేసింది. మీకు ఆ చర్చతో పనిలేదు, రెండేళ్లు దాటిపోయాయి. పిటిషన్ వేసిన 6 నెలల తరువాత, 18 నెలలలోపు ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. మీ బావలాంటి ఊగిసలాట మనిషితో అసలు చిక్కు ఇదే: మొదటిసారి సంతకం పెట్టి రెండోసారికి రాకపోతే అంతా మొదటికొస్తుంది. అందుకే పాప ఎవరి దగ్గర ఉండాలి, ఎప్పుడు చూడనివ్వాలి, బంగారం, సామాను, భరణం మొత్తం ఎంత, ఇవన్నీ మొదటి పిటిషన్‌లోనే రాయించి, డబ్బులో కొంత రెండో హాజరు రోజున చెల్లించేలా పెట్టుకోండి.

ఒప్పుకోకపోతే 10వ సెక్షన్ కింద క్రూరత్వమో, రెండేళ్ల పరిత్యాగమో. ఇల్లు వదిలి వచ్చింది మీ అక్క కాబట్టి పరిత్యాగం అనాలంటే ఆయనే ఆమెను ఉండలేని స్థితికి తెచ్చాడని రుజువు చేయాలి. అది లేకుండా పరిత్యాగం ఒక్కటే పట్టుకుంటే కేసు నిలవదు. 2001 సవరణకు ముందు క్రైస్తవ స్త్రీకి ఈ కారణాలేవీ విడిగా దొరికేవి కావు. వ్యభిచారంతో పాటు ఇంకో నేరం కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఆ కాలపు భయం ఇప్పటికీ మన సంఘాల్లో పోలేదు.

వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

చాన్సరీ_సహాయకుడు:

వకీలు గారు కోర్టు వైపు చెప్పారు, నేను చర్చి వైపు చెబుతాను.

బాబూ, అన్నిటికంటే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. కోర్టు చూసేది పెళ్లయ్యాక ఏం జరిగిందని. ట్రైబ్యునల్ చూసేది పెళ్లి రోజున, మాట ఇచ్చిన ఆ క్షణంలో ఏం ఉంది, ఏం లోపించింది అని. తరువాత కొట్టాడు, తాగాడు, ఇంకొకరితో వెళ్లాడు అన్నవి ట్రైబ్యునల్‌లో వాటంతట అవి కారణాలు కావు. ఆ లోపం పెళ్లి నాటికే ఉందని చూపించే ఆనవాళ్లుగా మాత్రమే పనికొస్తాయి. కోర్టు పిటిషన్‌ను తర్జుమా చేసి ట్రైబ్యునల్‌కు పంపేవాళ్లు ఎక్కువమంది. అలాంటివి మొదట్లోనే వెనక్కి వస్తాయి.

మీ కేసులో నేను మొదట వెతకమనేది మేనరికం గురించి. చర్చి చట్టం ప్రకారం పక్క వరుసలో నాలుగో అంతరం (బంధుత్వ దూరపు లెక్క) దాకా రక్తసంబంధం పెళ్లికి అడ్డు. అక్క పిల్లను మేనమామ చేసుకుంటే మూడో అంతరం, మేనబావ మరదళ్లయితే నాలుగోది. రెండిటికీ బిషప్ గారి మినహాయింపు దొరుకుతుంది, మన తెలుగు కుటుంబాల్లో ఎప్పుడూ తీసుకునేదే. కానీ అది పెళ్లికి ముందే తీసుకుని ఉండాలి. తీసుకోకపోతే ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. అప్పుడు సాక్షుల గొడవ లేకుండా పత్రాల ఆధారంగానే తేల్చే విధానం ఉంది, 1688వ కానన్ (చర్చి చట్టంలోని నియమం). ఎదుటివాళ్లను పిలుస్తారు, వివాహ బంధ రక్షకుడు (పెళ్లి చెల్లుతుందని వాదించే చర్చి అధికారి) అభిప్రాయం చెబుతాడు, అంతే.

ఎక్కడ చూడాలి? పెళ్లి జరిగిన విచారణలో (పారిష్‌లో) వివాహ రిజిస్టరు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. పెళ్లికి ముందు వధూవరులను విడివిడిగా అడిగి నింపిన ఫారాల ఫైలు ఉంటుంది. బంధుత్వం ఉందా అన్న ప్రశ్న ఎదురుగా ఏం రాశారో చూడండి, మినహాయింపు ఉత్తరం నంబరు, తేదీ ఉంటే రాసుకోండి. పర్లాకిమిడి బరంపురం మేత్రాసనంలోది (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం), పెళ్లి శ్రీకాకుళం మేత్రాసనంలో. మినహాయింపు ఎవరి బిషప్ గారి దగ్గర నుంచైనా వచ్చి ఉండవచ్చు. ఒక చాన్సరీలో (బిషప్ గారి కార్యాలయంలో) లేదన్నారని లేనట్టు కాదు, రెండు చోట్లా అడిగించండి. ఇచ్చారని తేలితే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే. కోర్టులోనూ ఆ మాట చెల్లదు. 1972లో లక్ష్మీ సన్యాల్ కేసులో, చర్చి మినహాయింపు ఉన్నందున దగ్గర బంధువుల కథోలిక వివాహం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది.

ఏ ట్రైబ్యునల్ అన్నదానికి: పెళ్లి జరిగిన చోటు, ఇద్దరిలో ఎవరైనా స్థిరంగా ఉంటున్న చోటు, లేదా సాక్ష్యాలు ఎక్కువగా ఉన్న చోటు. కోర్టు విషయంలో మూసుకుపోయిన పర్లాకిమిడి దారి ఇక్కడ తెరిచే ఉంది, అంటే బరంపురం. లేదా పెళ్లి చోటును బట్టి శ్రీకాకుళం. సాక్షులంతా తెలుగువాళ్లే అయితే శ్రీకాకుళం వైపు వాంగ్మూలం తెలుగులోనే రాసుకునే సౌకర్యం పెద్ద మేలు. చిన్న మేత్రాసనాలు పక్క ట్రైబ్యునల్‌ను వాడుకోవడం మామూలే కాబట్టి, కేసు వినేది ఎక్కడో చాన్సరీలో కనుక్కుని బయలుదేరండి. రాయగడ 2016లో వేరే మేత్రాసనం అయింది. అక్కడి సాక్షులను బరంపురం రప్పించనక్కర్లేదు, ఒక ట్రైబ్యునల్ అడిగితే ఇంకొకటి వాంగ్మూలం తీసి పంపుతుంది.

పాప గురించి దిగులు వద్దు. కనీసం ఒకరు మంచి మనసుతో చేసుకున్న పెళ్లిలో పుట్టిన బిడ్డ చర్చి దృష్టిలో ధర్మసంతానమే, తరువాత పెళ్లి చెల్లదన్నా అది మారదు. 1137వ కానన్. జ్ఞానస్నానం (బాప్తిస్మం) రిజిస్టరులో పాప పేరు పక్కన ఏమీ రాయరు.

వంశధార_గుణుపురం:

ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. గజపతి, రాయగడ వైపు బాప్టిస్టు సంఘాలు ఎక్కువ. కథోలిక అమ్మాయి బాప్టిస్టు అబ్బాయిని వాళ్ల చాపెల్‌లో, బిషప్ గారి అనుమతి లేకుండా చేసుకుంటే, లేదా ఒట్టి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటే, చర్చి కోరే పద్ధతి లేనందువల్ల ఆ పెళ్లి చెల్లదు. వాటికి పూర్తి విచారణ అక్కర్లేదు. జ్ఞానస్నాన పత్రం, ఆ పెళ్లి పత్రం, తరువాత చర్చిలో సరిచేయలేదన్న రుజువు ఉంటే చాన్సరీ స్థాయిలోనే తేలుతుంది. హిందువుల అబ్బాయితో హిందూ గుళ్లో తాళి కట్టించుకున్నా అంతే. కోర్టు సంగతి మాత్రం వీటన్నిటికీ విడిగా చూసుకోవాలి.

పర్లాకిమిడి_తమ్ముడు:

అందరికీ చేతులెత్తి దండం. ఫైలు చూపించారు. మినహాయింపు ఉంది, బరంపురం చాన్సరీ నంబరుతో సహా. కాబట్టి ఆ దారి లేదు.

మరి ఇంకోటి అడుగుతాను. అక్కకు ఆ సంబంధం మొదటి నుంచీ ఇష్టం లేదు. నాన్నకు గుండె జబ్బు, నువ్వు కాదంటే ఆయన ప్రాణం పోతుందని అమ్మావాళ్లు పట్టుబట్టారు. పెళ్లికి కొద్దిరోజుల ముందు పిన్ని ఇంటికి వెళ్లిపోతే వెళ్లి తీసుకొచ్చారు. ఇది పనికొస్తుందా? కాపురం చేసింది, పాప కూడా పుట్టింది కదా.

చాన్సరీ_సహాయకుడు:

పనికొస్తుంది. 1103వ కానన్, బలవంతం, తీవ్ర భయం. చెయ్యి చేసుకుంటేనే బలవంతం కాదు. తల్లిదండ్రుల మీది గౌరవం, వాళ్లు ఏమైపోతారో అన్న భయం కూడా తీవ్రంగా ఉండి, ఆ పెళ్లి తప్ప తప్పించుకునే దారి లేదనిపిస్తే లెక్కలోకి వస్తుంది. బెదిరించాలని వాళ్లు అనుకోకపోయినా సరే.

రెండు సంగతులు రుజువు కావాలి. ఒకటి, ఆ పెళ్లి మీద ఆమెకున్న విముఖత. ఇష్టం లేదని ఎవరితో చెప్పింది, ఏడ్చిందా, పారిపోయిందా, పెళ్లిచీర కొనడానికి వెళ్లనందా, గుడిలో పెళ్లి ప్రకటనలు చదివిన ఆదివారం గుడికి రానందా. రెండోది, ఆమె మీద పడిన ఒత్తిడి: ఎవరు, ఏ మాటలతో, ఎన్నాళ్లు. పిన్ని మీకు అందరికంటే ముఖ్యమైన సాక్షి. ఆమె ఇంటికి వెళ్లిన రోజు అక్క ఏమంది, తీసుకుపోవడానికి ఎవరు వచ్చారు, వాళ్లు ఏమన్నారు, ఆ మాటలు ఆమె నోటితో రావాలి. అప్పటి స్నేహితురాళ్లకు పంపిన వాట్సాప్ మెసేజీలు పాత ఫోనులో ఉంటే తేదీ కనపడేలా తీయించండి. 2018 నాటి ఒక్క మెసేజీకి ఉన్న బరువు ఇప్పుడు రాసిన పది ఉత్తరాలకు ఉండదు. నాన్నగారి ఆసుపత్రి కాగితాలు ఆ నెలవి ఉంటే జతచేయండి. అమ్మానాన్నలు స్వయంగా సాక్ష్యమిస్తే ఇంకా బలం, కానీ అది వాళ్లకు ఎంత కష్టమో మీకే తెలుసు. మెల్లగా మాట్లాడండి, బతిమాలి తప్పు ఒప్పించినట్టు మాత్రం ఉండకూడదు.

కాపురం, పాప అన్న ప్రశ్న వివాహ బంధ రక్షకుడు తప్పకుండా లేవనెత్తుతాడు. అదే ఆయన పని. బిడ్డ పుట్టడం కేసును కొట్టేయదు. ఆ తరువాత ఆమె మనసు మారి ఇష్టంగా కాపురం చేసిందా, లేక సర్దుకుపోయిందా అన్నది చూస్తారు. కాబట్టి 2018 నుంచి 2022 వరకు ఎలా గడిచిందో నిజాయితీగా, మంచి రోజులుంటే వాటినీ కలిపి రాయాలి. దాచితే బావ వాంగ్మూలంలో బయటపడుతుంది, అప్పుడు మిగతా మాటలకూ విలువ పోతుంది.

ముందు విచారణ గురువుల దగ్గరకు వెళ్లండి. అభ్యర్థన పత్రంతో పాటు ఇద్దరి జ్ఞానస్నాన పత్రాలు (పాతవి కాదు, రిజిస్టరు పక్క గమనికలతో ఈమధ్య తీసినవి), వివాహ పత్రం, కోర్టు కాగితాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, బావ ప్రస్తుత చిరునామా ఇవ్వాలి. చర్చి చట్టం కోర్టు డిక్రీని తప్పనిసరి చేయలేదు, కాపురం ఇక నిలబడదని న్యాయమూర్తికి నమ్మకం కలగాలి అంటుంది, అంతే. ఆచరణలో చాలా ట్రైబ్యునళ్లు డిక్రీ, లేదా కనీసం కేసు నంబరు అడుగుతాయి. రెండూ సమాంతరంగా మొదలుపెట్టడమే మేలు. మొదటి స్థాయి విచారణ ఏడాదిలోపు ముగియాలని చట్టం. సాక్షులు సమయానికి రాకపోవడం వల్లే ఎక్కువగా సాగుతుంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ మార్చాక రెండో ట్రైబ్యునల్ కూడా ఔననాలన్న నిబంధన పోయింది. తీర్పు తెలిపిన 15 రోజుల్లో అప్పీలు రాకపోతే అదే అమలవుతుంది. బావ కూడా కలిసి సంతకం పెట్టి, ఆధారాలు చాలా స్పష్టంగా ఉంటే బిషప్ గారే తీర్పు చెప్పే చిన్న విధానం ఉంది, కానీ మీ బావ తీరు చూస్తే దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఫీజు కట్టలేకపోతే అభ్యర్థనలోనే ఆ మాట రాయండి. డబ్బు లేదని కేసు ఆపరు.

బరంపురం_వకీలు:

ఇది చదివాక ఒక హెచ్చరిక చేయక తప్పదు. విడాకుల పిటిషన్లన్నిటిలో రెండో పేరాలో ఒక అచ్చు వాక్యం ఉంటుంది: "ఇరు పక్షాల ఇష్టపూర్వక అంగీకారంతో, పెద్దల సమక్షంలో వివాహం జరిగినది, కొంతకాలం అన్యోన్యంగా కాపురం చేసితిరి." వకీలు గుమస్తా పాత పిటిషన్ నుంచి ఎత్తి పెడతాడు, ఎవరూ చదవరు. మీ అక్క దాని కింద ప్రమాణం చేసి సంతకం పెడుతుంది. తరువాత ట్రైబ్యునల్‌లో బలవంతపు పెళ్లి అంటే, వివాహ బంధ రక్షకుడు ఆ పేరానే తీసి చూపిస్తాడు. పెళ్లి ఫలానా తేదీన ఫలానా గుడిలో జరిగింది అని మాత్రం రాయించండి. అంగీకారం గురించి నిజం కానిది ఒక్క మాట కూడా ఉండొద్దు. పిటిషన్ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చదివించుకున్నాకే సంతకం.

పేర్ల తేడా కూడా ఇప్పుడే సరిచేసుకోండి. ఆంధ్రా వైపు రిజిస్టరులో ఇంటిపేరు ముందు, ఒడిశా ఆధార్‌లో చివర, జ్ఞానస్నాన పత్రంలో పునీతుల పేరు ఒకటి అదనం. ఇవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ జతచేయకపోతే రెండు చోట్లా అడ్డం తగులుతుంది. తెలుగు పత్రాలకు ఇంగ్లీషు తర్జుమా కూడా పెట్టాలి.

డిక్రీ వచ్చాక అప్పీలు గడువు, ఫ్యామిలీ కోర్టు అయితే 30 రోజులు, దాటేదాకా కొత్త సంబంధం మాట ఖాయం చేయవద్దు. బావ శ్రీకాకుళంలోనో రాయగడలోనో పోటీగా ఇంకో కేసు వేస్తే, రాష్ట్రం దాటి బదిలీ చేసే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. అందుకే మొదటి కేసు ఎక్కడ వేస్తున్నారో బాగా ఆలోచించి వేయండి.

గుణుపురం_ఉపదేశి:

బాబూ, మీరు అడిగిన చివరి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, అది మీ అక్కకు అన్నిటికంటే ముఖ్యమైనది కావచ్చు. భర్త నుంచి విడిగా ఉండటం వల్ల గానీ, కోర్టులో విడాకులు తీసుకోవడం వల్ల గానీ సత్ప్రసాదానికి దూరం కానక్కర్లేదు. చర్చిలో మొదటి పెళ్లి చెల్లదని తేలకుండా వేరే పెళ్లి చేసుకుని కాపురం చేస్తేనే ఆ అడ్డు. ఆమెను ఈ ఆదివారమే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాల ఒప్పుకోలు) చేసుకుని పూజలో సత్ప్రసాదం తీసుకోమని చెప్పండి. తను శిక్షలో ఉన్నట్టు బతకాల్సిన పని లేదు.

ట్రైబ్యునల్ అంటే బావ ఎదురుగా నిలబెట్టి అడుగుతారేమోనని ఆడపిల్లలు భయపడతారు. అలా ఉండదు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ప్రమాణం చేయించి, న్యాయమూర్తి అడుగుతారు, నోటరీ రాసుకుంటారు. చదివి వినిపించాకే సంతకం. తప్పు రాశారనిపిస్తే అక్కడికక్కడే దిద్దించాలి. అయితే విచారణ ముగిసేటప్పుడు రెండు పక్షాలకూ సాక్ష్యాలు చూసే హక్కు ఉంటుంది కాబట్టి, ఆమె చెప్పింది బావ చదవవచ్చని తెలిసి చెప్పాలి. కోర్టు వకీలు అక్కడికి రాలేరు. చర్చి చట్టం చదివి, బిషప్ గారి అనుమతి ఉన్న న్యాయవాదినే ఇస్తారు.

పర్లాకిమిడి_తమ్ముడు:

అక్కకు ఇది చదివి వినిపించాను. ఇంకొక్కటే సందేహం. బావ నోటీసు తీసుకోకపోతే ట్రైబ్యునల్ కేసు ఆగిపోతుందా?

చాన్సరీ_సహాయకుడు:

ఆగదు. పిలుపు అందినట్టు రుజువుండి, సరైన కారణం లేకుండా రాకపోతే గైర్హాజరుగా ప్రకటించి కేసు నడుపుతారు. అభ్యర్థన మీద తన మాట చెప్పుకోవడానికి ఆయనకు 15 రోజుల గడువు ఇస్తారు. కావలసిందల్లా సరైన చిరునామా. మావయ్యగారింటి చిరునామా, రాయగడ అద్దె ఇల్లు, ఉద్యోగం చేసేచోటు, మూడూ ఇవ్వండి. పోస్టులో పంపిన కవరు తిరిగొస్తే చించకుండా పోస్ట్‌మాన్ రాసిన మాటతో సహా అలాగే ఫైలులో పెట్టిస్తారు.

అనుకూలంగా తీర్పు వస్తే చివరి పేజీ జాగ్రత్తగా చదవండి. ట్రైబ్యునల్‌ను అడగకుండా కొత్త పెళ్లి చేయరాదన్న నిషేధం ఒక్కోసారి ఇద్దరిలో ఒకరి మీద ఉంటుంది, అది ఎత్తేయించుకోకుండా ఏ విచారణ గురువూ పెళ్లి చేయరు. తీర్పు సంగతి పెళ్లి జరిగిన గుడి వివాహ రిజిస్టరులోనూ, మీ అక్క జ్ఞానస్నానం పొందిన గుడి రిజిస్టరులోనూ రాయాలి. ఉత్తరాలు వెళతాయి, కానీ సరిహద్దు దాటేటప్పుడు ఆలస్యమవుతుంటుంది. మీరే రెండు చోట్లకూ వెళ్లి, గమనిక ఎక్కిందని చూసుకుని, కొత్త జ్ఞానస్నాన పత్రం తీసుకోండి.